తాళం వెయ్యని ఇల్లు

తాడేపల్లిగూడెంలో ఇల్లు, ఏలూరులో కోర్టు. పాతికేళ్ళకి పైగా పొద్దున్నే పాసింజరు ఎక్కడం, సాయంత్రం ఏది దొరికితే అది పట్టుకుని తిరిగి రావడం. భీమడోలు దాటే దాకా నిలబడే వెళ్తాను. మొదట్లో దారిపొడుగునా ఫైళ్ళు చదువుకునేదాన్ని. ఇప్పుడు కళ్ళు మూసుకుంటాను. నిద్ర రాదు, అయినా మూసుకుంటాను.

కోర్టు ఆవరణలో ఉచితంగా న్యాయసహాయం చేసే గది ఒకటుంది. వారంలో రెండు రోజులు అక్కడ కూర్చోవడం నా వంతు. ఒక బల్ల, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, తిరిగితే చప్పుడు చేసే ఫ్యాను. ఒకప్పుడు అక్కడికి భరణం అడిగే ఆడవాళ్ళు, గట్టు తగాదాలవాళ్ళు వచ్చేవారు. కొన్నేళ్ళుగా ఇళ్ళ మీదికి వచ్చిన నోటీసులు పట్టుకుని వస్తున్నారు.

ఆ నోటీసుల సంగతి నేను చెప్పీ చెప్పీ విసిగిపోయాను. ఇల్లు తాకట్టు పెట్టి అప్పు చేసినవాళ్ళు వాయిదాలు తప్పితే, అప్పిచ్చినవాళ్ళు కోర్టు మెట్లు ఎక్కకుండానే ఇల్లు స్వాధీనం చేసుకోవచ్చు. ముందు పోస్టులో ఒక నోటీసు పంపి అరవై రోజులు గడువివ్వాలి. అప్పటికీ కట్టకపోతే రెండో నోటీసు తెచ్చి ఇంటి గోడకి అంటించి, పేపర్లో వేయించి, ఈ ఇల్లు ఇక మాది అంటారు. అలా అంటించిన నలభై అయిదు రోజుల లోపల విశాఖపట్నంలో అప్పుల కేసులు చూసే ట్రిబ్యునల్‌కి వెళ్ళాలి. మొదటి నోటీసు చేతికి రాగానే నా దగ్గరికి వస్తే చెయ్యగలిగినవి చాలా ఉంటాయి. ఎవరూ రారు. అందరూ గోడ మీద కాగితం పడ్డాకే వస్తారు, అదీ వెనకాముందూ ఆలోచించుకుని, బంధువుల్లో తెలిసినవాళ్ళందర్నీ అడిగి, ఇక గడువు వారం పది రోజులు ఉందనగా వస్తారు.

దీనికి కారణం బద్ధకం కాదు. మా వైపు రిజిస్టరు ఉత్తరమంటే భయం. దాన్ని చేతిలోకి తీసుకోకపోతే అది రానట్టేనని, రానిదాని మీద ఎవరూ ఏమీ చెయ్యలేరని ఊళ్ళకి ఊళ్ళు నమ్ముతాయి. చదువుకున్నవాళ్ళూ నమ్ముతారు. పెంటపాడులో పౌరోహిత్యం చేసిన మా నాన్నే ఒకసారి పోస్టుమేన్ రిజిస్టరు కవరుతో వస్తున్నాడని విని దొడ్డిగుమ్మంలోంచి పొలాల్లోకి వెళ్ళిపోయి చీకటి పడేదాకా రాలేదు. తీరా అది బీమా కంపెనీ పంపిన చెక్కు. మా అమ్మ ఆ సంగతి ఎత్తి ఆయన్ని పదేళ్ళు ఏడిపించింది. నాకు మాత్రం ఇప్పుడు నవ్వు రావడం లేదు.

మాస్టారూ, ఆయన భార్యా వేసవిలో ఒక మధ్యాహ్నం వచ్చారు. పెదపాడు మండలంలో ఒక పల్లె వాళ్ళది. ఆయన ఆ ఊరి బళ్ళోనే ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు. ఆవిడ బట్టల కొట్టు సంచిలో కాగితాలు పెట్టుకుని, సంచి మూతి రబ్బరు బ్యాండుతో బిగించి, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఉచిత సహాయానికి మగవాళ్ళకైతే ఆదాయం చూస్తాం. ఆయనకి పెన్షనుంది కాబట్టి రాదు. ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేదు, ఎవరైనా అడగొచ్చు. పైగా ఇల్లున్న స్థలం ఆవిడకి పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద రాసిచ్చినది. కాబట్టి దరఖాస్తు ఆవిడ పేరున రాయడం మొదలుపెట్టాను. నేనావిడని పేరడిగితే మాస్టారు చెప్పారు. వయసడిగితే మాస్టారే చెప్పారు. తండ్రి పేరడిగితే అదీ ఆయనే చెప్పి, మావగారు ఎంత గొప్పవారో కూడా చెప్పబోయారు.

"మాస్టారూ, కేసు ఆవిడదండీ. ఆవిణ్ణి చెప్పనివ్వండి" అన్నాను.

"అలాగేనండీ, దానికేముంది" అని, తర్వాతి ప్రశ్నకీ ఆయనే జవాబు చెప్పారు.

జరిగింది కొత్త కథేమీ కాదు. రిటైరయ్యాక కొల్లేటి పక్కన చేపల చెరువొకటి లీజుకి తీసుకున్నారు. ఊళ్ళో సగంమంది అదే చేస్తున్నారు. మట్టిలో కాలు పెట్టి ఎరగని మనిషి, పుస్తకాలు కొని తెచ్చి చదివి మరీ దిగారు. ఇంటి మీద ఒక ప్రైవేటు ఫైనాన్సు కంపెనీ అప్పిచ్చింది. మొదటి పంట బాగానే వచ్చింది. రెండో పంట అప్పుడు వరసగా మూడు రోజులు మబ్బు పట్టి, నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయి, ఒకరోజు తెల్లారేసరికి శీలావతి చేప మొత్తం తెల్లగా తేలింది. ఇప్పుడు మూడో పంట చెరువులో ఉంది. చేప పట్టడానికి ఇంకా నాలుగు నెలలు ఆగాలి. పడితే వెనకబడ్డ వాయిదాలన్నీ ఒక్కసారే కట్టెయ్యొచ్చు. ఆ నాలుగు నెలలు కంపెనీ ఆగదు. గోడకి కాగితం అంటించి అప్పటికే ముప్పై ఆరు రోజులైంది.

కాగితాలు తిరగేశాను. అంటించిన నోటీసుతో పాటు కంపెనీ వాళ్ళ ఆఫీసు నుంచి తెచ్చుకున్న జిరాక్సులున్నాయి. మొదటి నోటీసు మూడుసార్లు పంపారు. మూడు కవర్లూ తిరిగొచ్చాయి. మూడిటి మీదా ఒకే చేతిరాతతో 'డోర్ లాక్డ్' అనుంది.

"ఈ తేదీల్లో మీరు ఊళ్ళో లేరా అండీ?" అని ఈసారి ఆవిడ వైపే తిరిగి అడిగాను.

"మేమెక్కడికెళ్తామండీ? అయినా మా ఇంటికి తాళంకప్పే లేదండీ. ఎప్పుడూ కొనలేదు" అంది.

నాకు నిద్రమత్తు వదిలింది. ఇల్లు తీసుంటే తాళం ఉందని రాసి పంపారంటే మొదటి నోటీసు చేరనట్టే. అది చేరకపోతే రెండోది చెల్లదు. మళ్ళీ మొదటినుంచి నోటీసు, మళ్ళీ అరవై రోజులు, ఆ పైన వాళ్ళ కాగితాలు కదలడానికి పట్టే రోజులు. ఈలోగా చేప పడుతుంది. ఇంత తేలిగ్గా దారి దొరకడం నాకు అలవాటు లేదు. అలా ఎందుకు రాశాడా పోస్టుమేను అని పైకే అనుకున్నాను.

అంతసేపు ఆగకుండా మాట్లాడిన మాస్టారు పెన్ను జేబులోంచి తీసి మూత బిగించి మళ్ళీ పెట్టుకున్నారు. అప్పుడు నెమ్మదిగా చెప్పారు.

"అతను నా దగ్గర చదువుకున్నాడండీ. గోడకి కాగితం పడ్డ రోజు సాయంత్రం వచ్చి కాళ్ళ మీద పడ్డాడు. ఆ కంపెనీ కవరు ఊళ్ళో ఇంకో ఇద్దరికి వచ్చిందటండీ, ఆ ఇళ్ళు పోయినాయి. అది నా చేతిలో పెట్టడానికి వాడికి చెయ్యి రాలేదట. తీసుకోకపోతే కేసు నడవదనుకున్నాడు. మూడుసార్లూ మా వీధి మొగదాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయాడండీ."

నాకు ఒళ్ళు మండిపోయింది. గురుభక్తితో అరవై రోజులు మింగేశాడు. ఆ మొదటి కవరు వీళ్ళ చేతిలో పడుంటే అప్పుడే నా దగ్గరికి వచ్చేవారో రారో తెలియదు, కానీ వచ్చే వీలుండేది. వీళ్ళని చూస్తూ చూస్తూ ప్రేమతోనే ముంచాడు. ఆ మాట పైకి అనలేదు కానీ, "అతను వచ్చి అఫిడవిట్ ఇస్తే మీ ఇల్లు నిలబడుతుందండీ. లేకపోతే ట్రిబ్యునల్ కవరునే నమ్ముతుంది. మీరే తలుపేసుకుని తప్పించుకున్నారని కంపెనీ అంటుంది" అన్నాను.

"ఆ ఊసు రాయకండి" అన్నారు మాస్టారు. "కావాలనే తప్పు రాశానని వాడి చేతే చెప్పిస్తే వాడి ఉద్యోగం ఉంటుందాండీ? ఇల్లు పోతే అద్దెకుంటాం. వాడికి ముగ్గురు ఆడపిల్లలు. ఇంకేదైనా దారి చూడండి."

ఇంకేదీ లేదని చెప్పాను. ఆయన లేచి దండం పెట్టి బయటికి వెళ్ళిపోయారు. ఆవిడ వెంటనే లేవలేదు. వకాల్తా మీద సంతకం పెట్టమంటే, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ పెట్టి, కాగితం నావైపు తోసి, అప్పుడు వెళ్ళింది.

రెండు రోజుల తర్వాత ఆవిడ ఒక్కతే వచ్చింది. పెదపాడు నుంచి ఆటోలో వచ్చానని, ఆయనకి కంటి డాక్టరు దగ్గరికని చెప్పానని అంది. మొదటిసారి ఆవిడ మాట పూర్తిగా విన్నాను.

"ఇల్లు కట్టినప్పుడు ఆయన బడికెళ్ళిపోయేవారండీ. మేస్త్రీకి ఇటుక లెక్క చెప్పింది నేను. గోడలకి పొద్దునా సాయంత్రం నీళ్ళు కొట్టింది నేను. చేతులు పాసిపోయేవండీ. వంటగది కిటికీ చిన్నదిగా పెడితే పగలగొట్టించి మళ్ళీ పెట్టించాను. ఆయన ఊరందరికీ మాస్టారండీ. ఎక్కడికెళ్ళినా కుర్చీ వేస్తారు. నేను ఆ ఇంట్లో తప్ప ఇంకెక్కడా ఏమీ కానండీ."

నేను కాగితాలు సర్దుతున్నట్టు నటించాను. అవతల ఇంకో ఆరుగురు వరండాలో కూర్చుని ఉన్నారు. ఎండ.

"అతన్ని మీరు తీసుకురాగలరా అండీ?" అన్నాను.

"పిలిస్తే వస్తాడండీ." సంచి ఒళ్ళోకి లాక్కుని, "అతనికేమన్నా అవుతుందాండీ?" అంది.

"ఏమీ కాదులెండి. మహా అయితే పిలిచి మందలిస్తారు" అన్నాను.

అది అబద్ధం. నాకు తెలిసే చెప్పాను. రిజిస్టరు కవరు మీద తెలిసి తప్పు రాశానని ఒక మనిషి స్టాంపు కాగితం మీద ఒప్పుకుంటే ఏమవుతుందో తెలియకపోవడానికి నేను నిన్న మొన్న కోటు వేసుకున్నదాన్ని కాదు. ఎందుకు చెప్పానో ఆ తర్వాత చాలాసార్లు ఆలోచించాను. ఇల్లు నిలబెట్టాలన్న పట్టుదల అనుకోవాలని ఉంది. నిజానికి ఆ ఏడాది అన్నీ ఓడిపోతూ వచ్చాను. ఒక్కటి గెలవాలనిపించింది. కుర్చీలో కూర్చున్నావిడకి నిజం చెప్పి, అది విని ఆవిడ తటపటాయిస్తుంటే చూసి, మళ్ళీ నచ్చజెప్పి, ఇంతా చేసే ఓపిక నాకు లేకపోయింది.

మర్నాడే అతన్ని తీసుకొచ్చింది. నలభై దాటిన మనిషి, బక్కపలచగా ఉన్నాడు. ఊళ్ళో ఉత్తరాలు పంచేసి, ఖాళీ ఖాకీ సంచి భుజానే ఉంచుకుని వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. ట్రిబ్యునల్‌కి కాబట్టి అఫిడవిట్ ఇంగ్లీషులో తయారు చేశాను. తెలుగులో చదివి వినిపించాను కూడా. మూడు తేదీల్లో ఇల్లు తీసే ఉందని, తను ఇంటిదాకా వెళ్ళకుండానే తాళం ఉందని రాశానని, ఎవరూ బలవంతపెట్టకుండా ఇది చెబుతున్నానని. అందులో ఒక్క ముక్క దాచలేదు. అది సంతకం పెట్టాక అతని సంగతి ఏమవుతుందో మాత్రం చెప్పలేదు. అతను అడగలేదు.

"మాస్టారి ఇల్లు ఉంటుందాండీ?" అన్నాడు.

"ఉండటానికి వీలుంది" అన్నాను.

"అయితే ఎక్కడ పెట్టమంటారండీ?"

పెట్టాడు. నోటరీ దగ్గరికి తనే ముందు నడిచాడు. తిరిగొచ్చి, మాస్టారికి తెలిస్తే ఊరుకోరని, చెప్పొద్దని మా ఇద్దర్నీ బతిమాలాడు. వెళ్తూ వెళ్తూ నాకు దండం పెట్టి, శ్రమ ఇచ్చినందుకు ఏమీ అనుకోవద్దన్నాడు. నేను తలూపి తర్వాతి మనిషిని లోపలికి పిలిచాను.

గడువుకి మూడు రోజుల ముందు కంప్యూటర్లోంచే దాఖలు చేశాం. విచారణ వీడియోలో జరిగింది. కంపెనీ లాయరు గొంతు అటూ ఇటూ తెగిపోతూ వచ్చింది. పోస్టుమేన్ అప్పులవాళ్ళతో కుమ్మక్కయ్యాడని వాదించాడు. మూడో వాయిదాకి ఆర్డరు వచ్చింది. మొదటి నోటీసు చేరలేదు కాబట్టి స్వాధీనం చెల్లదు, కావాలంటే మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టుకోండి అని. ఆ సాయంత్రం రైల్లో గుండుగొలను దాకా ఒంటికాలి మీద నిలబడాల్సి వచ్చినా నాకు ఎవరి మీదా కోపం రాలేదు. ఇంటికి వెళ్ళి వేడినీళ్ళు పోసుకుని ఎనిమిదింటికే పడుకున్నాను.

కొన్ని నెలలకి ఆవిడ ఫోన్ చేసింది. చేప పడుతున్నామని, ఒకసారి వచ్చి ఇల్లు చూసి వెళ్ళమని. నేను కక్షిదారుల ఇళ్ళకి వెళ్ళను. వెళ్తే అన్నం తినమంటారు, తింటే ఇంకో బంధువు కేసు చెబుతారు. ఆ ఆదివారం ఎందుకో వెళ్ళాను. ఆటో చెరువుల గట్ల మీదుగా వెళ్తుంటే రెండు వైపులా నీళ్ళు, ఆ నీళ్ళని చిలికే ఏరియేటర్ల చప్పుడు, తవుడు వాసన. రోడ్డు పక్క ఐసు షెడ్డు దగ్గర లారీ అడ్డం పెట్టి చేపల పెట్టెలు ఎక్కిస్తున్నారు. ఆటో ఆగింది. పెట్టెల్లో ఐసు పొడి పోస్తున్నవాళ్ళలో ఒకతను పార పక్కన పెట్టి నా దగ్గరికి వచ్చాడు. గుర్తుపట్టడానికి నాకు కాసేపు పట్టింది.

"బాగున్నారాండీ లాయరుగారూ?" అన్నాడు.

అఫిడవిట్ కాపీ కంపెనీ వాళ్ళు అతని పై ఆఫీసుకి ఫిర్యాదుతో సహా పంపారట. ముందు పుట్ ఆఫ్ అని డ్యూటీలోంచి పక్కన పెట్టారు. తర్వాత ఎంక్వైరీ చేశారు. ఆ ఎంక్వైరీలో వాళ్ళు అడిగిందల్లా ఒకటే, ఈ సంతకం నీదేనా అని. నాదేనన్నాడు. అంతటితో అయిపోయింది. ఇరవై ఏళ్ళ సర్వీసు.

"నా దగ్గరికి రావాల్సింది కదయ్యా" అన్నాను. మాట నాకే అసహ్యంగా వినిపించింది.

"మీకెందుకండీ మళ్ళీ శ్రమ" అన్నాడు. చేతులు మంచుకి తెల్లగా పాలిపోయి ఉన్నాయి. వాటిని లుంగీకి తుడుచుకుంటూ, "మాస్టారి ఇల్లు నిలబడిందండీ, అది చాలు. ఇక్కడ కూడా బాగానే ఉందండీ" అన్నాడు. లారీ కదిలింది. ఆటో అతను హారన్ కొడితే ఎక్కి కూర్చున్నాను. నన్ను తిట్టినా బాగుండేది.

ఆ రోజు ఇల్లు చూశాను. వంటగది కిటికీ పెద్దది, వెలుతురు బాగా వస్తుంది. మాస్టారు గదిలోంచి బయటికి రాలేదు. ఒంట్లో బాగాలేదని ఆవిడ చెప్పింది. నేను మంచినీళ్ళు మాత్రం తాగి వచ్చేశాను.

ఆఖరుసారి ఆవిడ మా గదికి వచ్చింది ఫైలు మూసెయ్యడానికి. వెనకబడ్డ వాయిదాలన్నీ కట్టేశారు. ఖాతా సరిగా ఉందని కంపెనీ కాగితం ఇచ్చింది. సహాయం అందింది, పని పూర్తయింది అని మా ఫారం మీద ఆవిడ సంతకం కావాలి. పెట్టింది. మొదటిసారికన్నా గబగబా పెట్టింది.

మాస్టారు ఎలా ఉన్నారని అడిగాను.

"బాగానే ఉన్నారండీ. అన్నం పెట్టమంటారు, మంచినీళ్ళిమ్మంటారు. అంతకుమించి మాట లేదండీ నాతో. పెన్షను రాగానే అందులో సగం పట్టుకుని అతని ఇంటికెళ్తారు. వాళ్ళు కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, డబ్బు మళ్ళీ ఈయన జేబులోనే పెట్టి పంపేస్తారు. నెలనెలా ఇదేనండీ."

బయట వరండాలో ఎవరో దగ్గుతున్నారు. పిలవాల్సిన పేర్లు ఇంకా నాలుగున్నాయి. ఆవిడ లేచి నిలబడి, మళ్ళీ బల్ల మీద చెయ్యి ఆనించి ఆగింది.

"ఒకటడుగుతానండీ, ఏమీ అనుకోకండి. ఆ రోజు అతనికేమీ కాదన్నారు కదా. అవుతుందని మీకు అప్పుడే తెలుసాండీ?"

తెలియదని చెప్పొచ్చు. రోజూ ఎందరికో ఎన్నో చెబుతాను. కానీ ఆవిడ మొహం చూస్తూ చెప్పలేకపోయాను.

"తెలుసండీ" అన్నాను.

ఆవిడ తలూపింది. కేకలేస్తుందనుకున్నాను. కేకలెయ్యలేదు. సంచి మూతికి రబ్బరు బ్యాండు వేసుకుని, ఎప్పటిలాగే మెల్లగా అంది.

"నాకూ తెలుసండీ. అందుకే రెండోసారి అడగలేదు."